కొనని చీటికి వచ్చిన బహుమానము

నేడు మన గ్రామములలో సయితము ఉత్తరములు తపాలా జవాను సంచిలోనుండి వచ్చుటకంటె చేతిలోని ఫోనులోనికి వచ్చుటయే హెచ్చు. వానిలో పెక్కులు ఇంగ్లీషున నుండును. ఆ భాష చదువనేర్చినవారు అనేక గృహములలో మన పాఠశాల విద్యార్థులే. కావున తల్లిదండ్రులు “ఇందులో నేమి వ్రాసియున్నదో చదివి చెప్పు, నాయనా” అని ఫోనును వారి చేతికే ఇచ్చుచున్నారు. ఇట్లు వచ్చు ఉత్తరములలో ఒక జాతి మిక్కిలి అపాయకరమైనది. అది తమకు లాటరీలో గొప్ప బహుమానము వచ్చినదని తెలుపు ఈ-మెయిలు లేఖ. దానిని గుర్తించు విధమును, దానివలన నష్టపడకుండు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

అట్టి లేఖకు మచ్చుగా ఒకదానిని మేమే కూర్చి క్రింద నిచ్చుచున్నాము. నిజముగా వచ్చు లేఖలు పేర్లయందును అంకెలయందును భేదించునేగాని పోకడయందు అంతగా భేదింపవు.

“మహాశయా, బ్రిటను దేశపు నేషనల్ లాటరీవారి కంప్యూటరు తీసిన చీట్లలో మీ ఈ-మెయిలు చిరునామా ఎన్నికయినది. మీకు 5,00,000 పౌనుల బహుమానము లభించినది. సొమ్ము చేరువరకు ఈ సంగతి ఎవ్వరికిని తెలుపవలదు. మీ పూర్తి పేరు, వయస్సు, వృత్తి, బ్యాంకు ఖాతా సంఖ్య వెంటనే పంపుడు. మూడు దినములలో బదులు రానిచో బహుమానము రద్దగును.”

ఇప్పుడు ఈ లేఖను వాక్యమువెంట వాక్యముగా పరీక్షింతము.

మొదటి ప్రశ్న: మనము చీటి కొంటిమా? బ్రిటను దేశపు నేషనల్ లాటరీ 1994 సంవత్సరమున ఆరంభమైనది. స్పెయిను దేశమున క్రిస్మసు లాటరీ 1812 మొదలు నడచుచున్నది. మన దేశమున కేరళ ప్రభుత్వము 1967 లో లాటరీని స్థాపించినది. ఈ మూడింటియందును చీటి కొన్నవారికే బహుమానము. చీటి కొననివారి చిరునామాలను ఏరి వారికి ధనము పంచు ఆచారము వీనిలో దేనికిని లేదు. మైక్రోసాఫ్టు కంపెనీవారి పేరిటను ఇట్టి లేఖలు పెక్కు వచ్చుటచేత, తాము ఏ లాటరీయు నడుపుట లేదని ఆ కంపెనీవారే ప్రకటించిరి. అదిగాక, లాటరీ చీట్లు కొనుటకై మన దేశమునుండి పరదేశములకు సొమ్ము పంపుట 2000 సంవత్సరపు విదేశమారక నియమములచే నిషేధింపబడినది. చీటి లేదు, పందెము లేదు, బహుమానము మాత్రము వచ్చినది! “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత ఇచ్చట చక్కగా చెల్లును.

రెండవ ప్రశ్న: లేఖ పంపినవారు నిజముగా వారేనా? తపాలా కవరుమీద పంపువాని పేరు వ్రాయు చోట ఎవడైనను ఏ పేరైనను వ్రాయవచ్చును. తపాలావారు దానిని విచారింపరు. ఈ-మెయిలుయొక్క స్థితియు ఇంచుమించు ఇట్టిదే. ఇప్పటికిని వాడుకలోనున్న దాని రవాణా పద్ధతి 1982 లో ఏర్పడినది. ఒకరినొకరు నమ్మెడి కొలదిమంది పండితుల కొరకు అది పుట్టినది గావున, పంపువాని పేరు నిజమో కాదో పరీక్షించు ఏర్పాటు అందులో లేకపోయెను. తరువాత కొన్ని పరీక్షలు చేర్చబడినను మోసగాండ్రకు దారులు పూర్తిగా మూసికొనలేదు. ఒక అక్షరము మాత్రము మార్చి అసలు సంస్థ చిరునామావలె కనబడు దానిని వారు పుట్టింపగలరు. ఇక ముద్రలు, సంతకములు, చిహ్నములన్నియు చిత్రములే గనుక ఎవడైనను అతికింపవచ్చును. భారతీయ రిజర్వు బ్యాంకు పేరను, దాని చిహ్నముతోను ఇట్టి లేఖలు వ్యాపింపగా, తాము వ్యక్తులకు ఖాతాలు తెరువమనియు, లాటరీ సొమ్ము పంచమనియు ఆ బ్యాంకువారు పలుమారులు ప్రజలను హెచ్చరించిరి. కావున లేఖ యొక్క వేషమును చూచి నమ్మరాదు.

మూడవ ప్రశ్న: రహస్యమెందుకు, తొందర యెందుకు? నిజమైన బహుమానమును పదిమందికి చెప్పినంతమాత్రమున అది మాసిపోదు. మోసమో, రెండవవాడు చదివిన వెంటనే తేలిపోవును. కావుననే ఎవ్వరికిని చెప్పవలదనుటయు, ఆలోచించుటకు వ్యవధి ఇయ్యకుండుటయు. ఈ రెండు గుర్తులును ఒకచో కనబడినప్పుడు ఆ లేఖ మోసపు లేఖయని నిశ్చయింపవచ్చును.

నాల్గవ ప్రశ్న: సొమ్ము ఏ దిక్కునకు పోవుచున్నది? ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. మచ్చు లేఖయందు సొమ్ము మాటయే లేదుగదా యని కొందరనవచ్చును. అది రెండవ ఉత్తరమున వచ్చును. ముందు కాగితముల ఖర్చని కొలదిపాటి సొమ్ము అడుగుదురు. అది అందిన పిమ్మట సుంకమనియు, పౌనులను రూపాయలుగా మార్చు రుసుమనియు, ఆదాయపు పన్ననియు ఒకదానివెంట ఒకటి పుట్టును. ప్రతి పర్యాయమును “ఇదియే కడపటిది” అందురు. అప్పటికే కొంత పంపినవాడు ఆ పోయినదానిని రాబట్టుకొను ఆశతో ఉన్నదానిని గూడ పంపును. మోసమునకు ఆయువుపట్టు ఇదియే. మన దేశమున లాటరీలో నిజముగా గెలిచినవారి రొక్కమునుండి నూటికి 30 వంతున పన్ను పట్టుకొనువారు బహుమానమిచ్చువారే. పట్టుకొనగా మిగిలినదే గెలిచినవానికి చేరును. గెలిచినవాడు ముందుగా ఏ పరాయి ఖాతాకును పన్ను కట్టనక్కరలేదు. కనుక బహుమానమునకై ముందు సొమ్మడుగువాడు మోసగాడని ఎరుగవలయును.

ఈ విద్య క్రొత్తది కాదు. ఐరోపాఖండమున పందొమ్మిదవ శతాబ్దమున “స్పెయిను ఖైదీ” అను పేర ఒక మోసము నడచెను. స్పెయిను చెరసాలలో ధనవంతుడొకడు చిక్కుకొన్నాడనియు, అతనిని విడిపించుటకు కొంత సొమ్ము పంపినచో పిమ్మట గొప్ప నిధిలో భాగము దొరకుననియు ఉత్తరములు వచ్చెడివి. ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున నైజీరియా దేశమునుండి అట్టి ఉత్తరములే మొదట తపాలాద్వారమునను, తరువాత ఈ-మెయిలుద్వారమునను లోకమంతట వ్యాపించెను. ఆ దేశపు శిక్షాస్మృతిలో వంచనను గూర్చిన 419 వ సెక్షనునుబట్టి ఈ మోసమునకు “నాలుగు-ఒకటి-తొమ్మిది” యను పేరు నిలిచినది. మన దేశమున “కౌన్ బనేగా కరోడ్‌పతి” యను టెలివిజను కార్యక్రమము పేరిట 25 లక్షల రూపాయలు వచ్చినవని వాట్సాపులో వ్యాపించిన సందేశములు ఈ కుటుంబములోనివే. వాహనము మారినది, ప్రయాణికుడు మారలేదు.

ఇంత తేటతెల్లమైన మోసము ఎట్లు సాగుచున్నదని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి గణితమే ప్రత్యుత్తరము. ఒకడు పదిలక్షల లేఖలు పంపెననుకొందము. పదివేలమందిలో ఒక్కడు నమ్మినను నూరుగురు చిక్కుదురు. ఒక్కొక్కరు 5,000 రూపాయలు పంపినచో వానికి 5 లక్షలు చేరును. లేఖలు పంపుటకైన ఖర్చో మిక్కిలి స్వల్పము. ఇట్టి లేఖలలో తప్పులును నమ్మశక్యముకాని మాటలును నిండియుండుటకు ఒక కారణమును మైక్రోసాఫ్టు పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012 లో సూచించెను. వివేకులు మొదటనే నవ్వి విడిచిపెట్టుదురు. బదులు వ్రాసినవారు కడవరకు నమ్మదగినవారగుదురు. అందుచేత మోసగానికి శ్రమ తగ్గునని ఆయన వాదము. అనగా లేఖలోని మూర్ఖత్వము సయితము ఒక జల్లెడయే.

అయినను చిక్కినవారందరు దురాశాపరులని నిందించుట న్యాయము కాదు. అప్పు తీరవలసినవాడు, బిడ్డ పెండ్లికి సొమ్ము చాలనివాడు, రోగికి మందు కొనలేనివాడు ఈ లేఖను చదివినప్పుడు తన కష్టము గట్టెక్కినదనియే తలచును. అవసరమే అతని కన్నులను మూయును. పిమ్మట సిగ్గు అతని నోరు మూయును. ఇంటివారికి చెప్పక, పోలీసువారికి చెప్పక, పోయినదానిని లోలోపలనే మ్రింగికొనును. ఆ మౌనమే మోసగానికి పెట్టుబడి. ఏలయన, అతడు చెప్పనందున పొరుగువాడును ఆ గోతిలోనే పడును. కావున నష్టపడినవారిని ఎగతాళి చేయువారు తెలియకయే మోసగానికి తోడ్పడుచున్నారు.

ఇక చేయవలసిన పనులు. ఇట్టి లేఖకు బదులు వ్రాయరాదు, తిట్టుటకైనను వ్రాయరాదు. అట్లు చేసిన మన చిరునామా సజీవమైనదని వారికి తెలియును. అందలి లంకెలను నొక్కరాదు. జతపరచిన కాగితములను తెరువరాదు. బ్యాంకువారు పంపు ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. యూపీఐ పిన్ను సొమ్ము పంపుటకేగాని సొమ్ము పుచ్చుకొనుటకు అక్కరలేదని ఇంటిలోని వారందరికి బోధింపవలయును. మా సొమ్ము నీ ఖాతాలో వేసి మరియొకరికి పంపుము, నీకు కొంత ఇత్తుమని ఎవరైన అడిగినచో, పై తరగతుల విద్యార్థులు ముఖ్యముగా జాగ్రత్తపడవలయును. అట్లు ఖాతా అరువిచ్చినవారు దొంగసొమ్ము మోసినవారగుదురు. పోలీసువారు మొదట వెదకునది వారినే.

సొమ్ము ఇదివరకే పంపియున్నచో ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేసి, తమ బ్యాంకువారికిని తెలుపవలయును. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగిడుచుండును. అది రొక్కముగా చేజారకమునుపు బ్యాంకులు దానిని నిలుపగల అవకాశము గలదు. కేంద్రప్రభుత్వమువారి సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను స్థలమునందును ఫిర్యాదు వ్రాయవచ్చును. లేఖలను, చెల్లింపు రసీదులను చెరిపివేయక సాక్ష్యముగా దాచియుంచవలయును. కొన్నాళ్లకు పోలీసులమనియో వకీళ్లమనియో చెప్పుకొని, పోయిన సొమ్మును కొంత రుసుమునకు రాబట్టి ఇత్తుమనువారు వత్తురు. వారు ఆ మొదటి దొంగలో, వారి జ్ఞాతులో అయియుందురు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 318 వ సెక్షను వంచనను శిక్షార్హమైన నేరముగా ఎంచుచున్నది. కనుక ఫిర్యాదు చేయువాడు సిగ్గుపడవలసిన పనిలేదు.

విద్యార్థులారా, మీరు ఇంగ్లీషు నేర్చినది పరీక్షకొరకు మాత్రమే కాదు. ఇంటిలో పెద్దలు ఫోనును మీ చేతికిచ్చి చదువుమన్నప్పుడు లేఖలోని మాటలను మాత్రమే చెప్పి ఊరకుండక, “మనము చీటి కొంటిమా? సొమ్ము ఏ దిక్కునకు పోవును?” అను రెండు ప్రశ్నలను వినయముతో వారి ముందుంచుడు. తల్లిదండ్రులారా, బిడ్డలు ఆ ప్రశ్న వేసినప్పుడు చిన్నవాండ్రకేమి తెలియునని కోపింపక ఆలకింపుడు. ఇరువురు కూర్చుండి చదివిన లేఖకు దొంగతనముచేయు శక్తి చాలవరకు నశించును.