బయానా ఇచ్చేముందు

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు ఎవరు ఫ్లాటు కొంటున్నా మావాళ్లు నన్ను వెంటబెట్టుకుపోతారు. పెద్దాయన వాస్తు చూస్తాడని వాళ్ల ఆశ. నేను చూసేది నీళ్లు ఎటు పోతున్నాయా అని.

1. ఎండాకాలంలో ఇల్లు చూసి మురిసిపోకండి. 2020 అక్టోబరు వానలకు రామంతాపూర్ చెరువు పొంగి హబ్సిగూడ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అప్పుడు మీరు చూస్తున్న ఇంటి వీధిలో ఎంతవరకు వచ్చాయో అమ్మేవాణ్ని అడిగితే ఏం చెప్తాడు? మూలమీది కిరాణా కొట్టాయనను అడగండి, మోకాలి దాకానో నడుం దాకానో చేత్తో చూపిస్తాడు. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం), దాని బయట ఖాళీగా వదలాల్సిన బఫర్ హద్దులు చూసుకోవాల్సిందే. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి.

2. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. పాత కాలనీల్లో గడప రోడ్డుకన్నా కిందికి పోయింది అందుకే. సెల్లార్‌లో గోడల అడుగున నీటి చార, మోటారు పెట్టిన అరుగు ఎత్తు చూస్తే సంగతి తెలిసిపోతుంది.

3. అన్నిటికన్నా ఎక్కువసేపు గోడల దగ్గరే గడపండి. కొత్త రంగు వాసన వస్తోందంటే, పైన పటారం లోన లొటారం అన్న అనుమానంతోనే మొదలుపెట్టాలి. బాత్రూమ్‌కు ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ, టైల్ పట్టీకి జానెడు పైన అరచెయ్యి ఆనించండి. చెమ్మ ఉంటే చల్లగా తగులుతుంది. గోటితో గీకితే పుట్టీ పొడిపొడిగా రాలుతుంది. బీరువా వెనక, అటక మీద తప్పకుండా చూడండి, రంగు వేసేవాడు అక్కడికి పోడు. వెంట్రుకంత సన్నని పగుళ్లు అల్లుకుని ఉంటే అది ప్లాస్టరింగ్ సంగతే, దానికి బెంబేలు పడొద్దు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయే పగులు, అందులోనూ రూపాయి బిళ్ల అంచు దూరేది, ఇంజినీరు చూడాల్సినది. పిల్లరు పొడవునా, బీము అడుగున ఇటుకరంగు గీత కనిపిస్తే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందని అర్థం. అలాంటిచోట నేను బేరం దాకా పోనివ్వను.

4. పై అంతస్తు కొంటే డాబా ఎక్కండి. పిట్టగోడ, శ్లాబు కలిసేచోటే కారడం మొదలవుతుంది.

5. ఇక్కడ కింద ఉన్నది గ్రానైటు రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి కాబట్టి పక్కింటి బోరు పోస్తోందని మనది పోస్తుందని లేదు. ఏప్రిల్, మేలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో అసోసియేషన్ లెక్కల పుస్తకంలో ఉంటుంది. కుళాయి చుట్టూ తెల్లటి పెంకు కట్టిందంటే నీళ్లలో ఉప్పెక్కువ, గీజరు మీద కూడా ఖర్చు రాసుకోండి.

6. నాచారంలో పారిశ్రామికవాడ దగ్గరైతే రాత్రి పదింటికి ఒకసారి పోండి. పగటి గాలి వేరు, రాత్రి గాలి వేరు.

7. కాగితాల సంగతి లాయరు చూస్తాడు గానీ రెండు మాటలు. కట్టేటప్పుడు బిల్డరు కట్టడంలో పదోవంతు మున్సిపల్ కార్పొరేషన్‌కు తనఖా పెడతాడు. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేదాకా అది విడుదల కాదు. మీ ఫ్లాటు అందులో ఉందేమో ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) వెతకండి. ఇక రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. నిర్మాణ లోపం బయటపడితే స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లదాకా బిల్డరే బాగుచేయాలని చట్టం. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలాల్లో కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోవచ్చు. మన వీధుల్లో మూడొందల గజాల అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ లెక్కలోవే, అడిగి తేల్చుకోండి.

8. బ్యాంకు నుంచి వాల్యుయర్ వచ్చాడుగా అని ధీమా వద్దు. ఆయన చూసేది బ్యాంకు అప్పుకు ఈ ఆస్తి సరిపోతుందా అని, మీ బాత్రూమ్ కారుతుందా అని కాదు. అమెరికాలో మన పిల్లలు ఇన్‌స్పెక్టర్ రిపోర్టు చూశాక వెనక్కి తగ్గే వీలుండేలా ఒప్పందం రాసుకుంటారు. మనదగ్గరా చెమ్మ మీటరుతో వచ్చి చూసేవాళ్లున్నారు. వాళ్లకు ఫీజు దండగనుకుంటే నమ్మకమైన మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను ఒకపూట తీసుకెళ్లండి. ఎర్తింగ్ ఉందా, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోతుందా అన్నది ఎలక్ట్రీషియన్ అయిదు నిమిషాల్లో తేలుస్తాడు. కనిపించిన లోపాలన్నీ అగ్రిమెంటులో రాయించి, ఎవరు బాగుచేయించాలో, ఎప్పటిలోగానో అమ్మేవాడితో సంతకం పెట్టించాకే బయానా చేతికివ్వండి.