క్రీస్తును పూజించుటయు, వెంబడించుటయు

ఈ ఖమ్మము సీమలో దేవుని వెదకువారికి త్రోవలు కొదువ లేవు. కుసుమంచిలో కాకతీయులనాటి గణపేశ్వరాలయము నిలిచియున్నది. తూర్పున అడవులు దాటి పోయినచో గోదావరి యొడ్డున భద్రాద్రి రాముని కోవెల కానవచ్చును. ఖమ్మమునకు ఉత్తరమున డోర్నకల్లులో 1939 వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన క్రైస్తవ దేవాలయమున్నది. దాని స్తంభములు మన గుడులను, గుమ్మటములు మసీదులను తలపించును. ఏకేశ్వరోపాసకులమగు మనము ఈ మూటిలో దేనియందును అవతారమును నమ్మి మ్రొక్కువారము కాము. ఐనను భద్రాచలమున మ్రొక్కు భక్తునకును, డోర్నకల్లున మోకరించు విశ్వాసికిని సమానముగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. మనుష్యుడై పుట్టి, మనుష్యుడై బాధపడినవానిని దేవుడని కొలుచునపుడు, ఆయన నడవడి మనము ఆచరింపదగినదా, లేక కేవలము కొనియాడదగినదా? రాముని విషయమై ఈ ప్రశ్న మన ఇండ్లలో తరచుగా పుట్టుచున్నదే. క్రీస్తు విషయమై దీనిని ఇచట విచారింతము.

క్రీ. శ. 451 లో కాల్సిడను సభయందు క్రైస్తవాచార్యులు, క్రీస్తు సంపూర్ణముగా దేవుడును సంపూర్ణముగా మానవుడును అని నిర్ణయించిరి. ఈ సిద్ధాంతము మనకు సమ్మతము కాదు. కాని దానిని త్రోసివేయుటకు ముందు అందలి రెండవ సగమును నిదానించి చూడవలయును. సువార్తలలోని యేసు ఆకలిగొనును. అలసి పడవలో నిద్రించును. మిత్రుని సమాధికడ కన్నీరు విడుచును. మరణమునకు ముందటి రాత్రి తోటలో కలతచెంది, ఈ గండము తప్పునా యని తండ్రిని వేడుకొనును. ఇవి మన బ్రతుకులలోని బాధలే. సామాన్య విశ్వాసి మొదటి సగమును గట్టిగా పట్టుకొని ఈ రెండవ సగమును జారవిడుచుచున్నాడు. ఆయన దేవుడు గనుక శత్రువులను క్షమింపగలిగెను, మట్టిమనుష్యులమగు మావలన ఏమగును అని యనుచున్నాడు. పురాణము విని యింటికి పోవుచు మన గృహస్థుడు రాముని గూర్చి పలుకునదియు ఈ మాటయే. సింహాసనము నెంత యెత్తున వేసినచో, దానిపైనున్నవాని అడుగుజాడలలో నడువకుండుటకు అంత మంచి సాకు దొరకును!

ఈ సాకును త్రెంపుటకే రాజా రామమోహనరాయలు పూనుకొనిరి. 1820 లో వారు సువార్తలనుండి అద్భుతములను, సిద్ధాంతభాగములను విడిచి, యేసు నీతిబోధలను మాత్రమే సంకలనము చేసి ప్రకటించిరి. శ్రీరామపురపు పాదిరి మార్ష్‌మనుగారు దానిని తీవ్రముగా ఖండింపగా, 1823 వరకు మూడు సమాధానములు వ్రాసిరి. పిమ్మట 1866 లో కేశవచంద్రసేనులవారు కలకత్తాలో ఉపన్యసించుచు, యేసు ఆసియావాసి యనియు, మనకు పరాయివాడు కాడనియు ఎలుగెత్తి చాటిరి.

ఇచట మన దోషమును దాచుట న్యాయము కాదు. అవతారవాదమును కాదన్నవారము మరియొక సాకును కనుగొంటిమి. బుద్ధుడు, క్రీస్తు, మహమ్మదు, నానకు అని మహనీయుల పేర్లను వరుసగా చదివి, అందరికి నమస్కరించి, ఎవ్వరిని వెంబడింపక సభ ముగించి లేచుచున్నాము. విశ్వాసి ధూపము వేయుచున్నాడు. మనము ఉపన్యాసము వేయుచున్నాము. భేదమంతయే.

ఒక్క దృష్టాంతము చాలును. కడపటి భోజనమువేళ యేసు నడుమునకు తుండుగుడ్డ చుట్టుకొని, పళ్ళెములో నీరు పోసి, శిష్యుల పాదములు కడిగెనని యోహాను వ్రాసెను. ఇది తెలుగువానికి తెలిసినంతగా ఐరోపావానికి తెలియదని మా తలంపు. అతిథి గుమ్మము త్రొక్కగానే కాళ్ళకు నీళ్ళిచ్చుట మన మర్యాద. శిష్యుడు గురుని పాదములు కడుగును. మామ అల్లుని కాళ్ళు కడిగి కన్యాదానము చేయును. ఎవరు ఎవరి కాళ్ళు కడుగవలెనో మనకు శాస్త్రమే కలదు. 1948 వరకు నిజాము పాలనలోనున్న ఈ ప్రాంతపు పల్లెలలో వెట్టివాడు దొరకు ఊడిగము చేసెను గాని, దొర వెట్టివాని కాళ్ళు కడిగిన ముచ్చట ఎచటను వినబడదు. గురుడు శిష్యుని పాదములంటుట ఈ శాస్త్రమును తలక్రిందులు చేయుట. పేతురు మొదట ఒప్పుకొనకపోవుట వింత కాదు. మరియు గమనింపుడు: ఈ పనికి దైవశక్తి అక్కరలేదు. నీటిపై నడచుట మనకు సాధ్యము కాకపోవచ్చును. చెంబెడు నీళ్ళు పోయుటకు అసాధ్యమేమున్నది?

ఐనను సేవకంటె కష్టమైనది మరియొకటి కలదు. యేసు సుంకరులతోను, పతితులని ఎంచబడినవారితోను ఒక్క పంక్తిని భుజించెను. నాటి పెద్దలు సహింపలేకపోయినదీ పనినే. తిరునల్వేలి సీమయందు 1874 లో జన్మించిన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు తెలుగు నేర్చి, 1909 లో డోర్నకల్లునకు వచ్చి, ఈ పల్లెలలోని మాల మాదిగల నడుమ పనిచేసిరి. 1912 లో ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయులైరి. అంతకు రెండేండ్లు ముందు, 1910 లో ఎడింబరో మహాసభయందు తెల్లదొరల యెదుటనే వారొక మాట చెప్పిరి: మిషనరీలు మాకై ధనము నిచ్చిరి, ప్రాణములను సైతమిచ్చిరి, మాకు కావలసినది స్నేహము అని. అనగా దానము చేయుచేయి క్రిందికి చాచబడును. స్నేహహస్తము సమముగా చాచవలసియుండును. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకొనిరి. స్వసంఘమునందును వారికి సుఖము లేదు. బాప్తిస్మము పొందిన పిదపను మాలలు మాదిగలతో కలియుటకు వెనుదీయుచుండగా, ఆ భేదముతో వారు జీవితాంతము పోరాడవలసివచ్చెను. 1945 లో వారు గతించునాటికిని అది తీరలేదు.

మన సహపంక్తి భోజనముల సంగతి యేమి? సభలో అందరితో కూర్చుండి భుజించి, మరునాటి యుదయమున పెరటిగుమ్మముకడ నిలిచిన పాలేరునకు దూరమునుండి దోసిట నీరు పోసిన పెద్దమనుష్యులను మేమెరుగుదుము. వారిని నిందించుటకు మాకు నోరాడదు. మా పెరటిగుమ్మమును మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

దీనికి భిన్నమైన నడవడియు మన తెలుగునాట కనబడినది. బందరున 1862 లో జన్మించిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో మిల్లరుగారి శిష్యులు. గురువునందు క్రీస్తు శీలమును చూచిరి. బాప్తిస్మము మాత్రము పుచ్చుకొనక, కడవరకు బ్రాహ్మధర్మమునందే నిలిచిరి. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై యుండి, ఆర్జనలో పెద్దభాగమును బీదవిద్యార్థులకు వెచ్చించిరి. అస్పృశ్యులనబడిన బాలురను చేరదీసిరి. అనాథశరణాలయమును నెలకొల్పి దిక్కులేని బిడ్డలను సాకిరి. ఆ బిడ్డలలో ఎవ్వరిని ఏ కులమువారని అడుగుట వారికి అలవాటు కాదు.