పోర్టల్ ఆగితే బిల్లింగ్ ఆగాలా?

ప్రశ్న: మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను వెబ్ సర్వీసు ద్వారా జీఎస్‌టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు కలిపాం. నెలాఖరులో పోర్టల్ నెమ్మదిస్తే కౌంటర్లన్నీ ఆగిపోతున్నాయి. సిబ్బంది కంగారుపడి మళ్లీ మళ్లీ బటన్ నొక్కితే ఒకే సరుకుకు రెండు బిల్లులు పడుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: మీ బిల్లింగ్ తెర పోర్టల్ జవాబు కోసం కాచుకుని కూర్చుంటోంది. ముందు ఆ ముడి విప్పండి. బిల్లు మీ డేటాబేస్‌లో సేవ్ కాగానే క్యూలో చేరాలి. దాన్ని పంపే పని తెర వెనక వేరే ప్రోగ్రాం చూసుకోవాలి. జవాబు రాకపోతే నిమిషం, రెండు, నాలుగు నిమిషాలు అంటూ వ్యవధి పెంచుతూ అదే మళ్లీ పంపుతుంది. కౌంటర్లో తర్వాతి బిల్లు రాసుకోవచ్చు. సరుకు మాత్రం ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు), క్యూఆర్ కోడ్ వచ్చాకే గడప దాటాలి.

ఇక డబుల్ బిల్లుల సంగతి. అమ్మకందారు జీఎస్‌టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు కలిపితే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ తయారవుతుంది. అదే నంబరుతో పదిసార్లు పంపినా రెండో ఐఆర్‌ఎన్ రాదు, డూప్లికేట్ అన్న జవాబే వస్తుంది. బటన్ నొక్కిన ప్రతిసారీ మీ సాఫ్ట్‌వేర్ కొత్త నంబరు వేస్తున్నట్టుంది, చిక్కు అక్కడే. నంబరు ఒక్కసారే ఖరారు చేయించండి. డూప్లికేట్ అని వస్తే పాత ఐఆర్‌ఎన్ తెప్పించుకునేలా రాయించండి.

పొరపాటున రెండోది పడితే 24 గంటల్లోపు పోర్టల్‌లోనే రద్దు చేయండి. గడువు దాటితే అక్కడ రద్దు కుదరదు, క్రెడిట్ నోటు ఒక దారి.

పంపిన సమయం, బిల్లు నంబరు, వచ్చిన జవాబు లాగ్‌లో ఉండాలి. క్యూలో నిలిచిపోయిన బిల్లులను రోజూ సాయంత్రం ఒకరు చూడాలి. ఆ బాధ్యత ఎవరిదో ఇవాళే తేల్చండి.