పనిచేసేవాళ్లే యజమానులైతే: తరచూ అడిగే ప్రశ్నలు

లాండ్రీ, వంట, కుట్టుపని చేసే మేమే సంఘం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. ఆ సంఘాలను మ్యాక్స్ అంటే ఊళ్లలో త్వరగా అర్థమవుతుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన 10 మంది ఉండాలి. అన్నదమ్ములు, వాళ్ల భార్యలు కలిసి లెక్క పూర్తిచేస్తే కుదరదు. బైలాస్ రాసుకుని రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఎక్కడో దొరికిన నకలు మీద సంతకాలు పెట్టకండి. మిగులు ఎలా పంచుకోవాలో, కొత్తవాళ్లను ఎలా చేర్చుకోవాలో తేలేది బైలాస్‌లోనే.

ఎక్కువ వాటా పెట్టినవాళ్లదే మాటా?

కాదు. మనిషికి ఒకటే ఓటు. సర్కారు వాటాధనం ఉండదు. అయితే లోటొస్తే భరించాల్సింది కూడా సభ్యులే.

ప్రభుత్వ సంస్థలు మా దగ్గర కొనాలన్న నియమం ఉందా?

మీ సంఘం దగ్గరే కొనాలని లేదు. కానీ కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి, 3 మహిళల సంస్థల నుంచి. ఈ వీలు దక్కాలంటే సంఘాన్ని ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, రుసుము లేదు. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు కట్టనక్కర్లేదు. మీ ధర అతితక్కువ ధరకంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఆ తక్కువ ధరకు దిగొస్తే కొంత భాగం మీకు దక్కుతుంది. కట్టడం పనులు ఈ లెక్కలోకి రావు. స్థానికులకే ఇవ్వాలన్న మాట కూడా ఇందులో లేదు. నా దృష్టిలో అదే పెద్ద లోపం.

బిల్లు ఆగిపోతే?

ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. కొన్నది ప్రైవేటు ఆసుపత్రైనా ఇంతే. ఫిర్యాదు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేయాలి.

ముందు సంఘమా, ఆర్డరా?

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, చుట్టుపక్కల ఆసుపత్రులూ విశ్వవిద్యాలయమూ పెట్టే ఖర్చు పేదల వాడలకు చేరాలని ఎవర్‌గ్రీన్ సహకార లాండ్రీని 2009లో తెరిచారు. ఊళ్లోకెల్లా పెద్ద ఆసుపత్రి క్లీవ్‌లాండ్ క్లినిక్ తన లాండ్రీని నడిపే పని దానికి అప్పగించింది మాత్రం 2018లో. అన్నాళ్లు ఆగే స్తోమత మనకుండదు. కాబట్టి మిషన్లకు అప్పు చేసేముందే ఆసుపత్రి స్టోర్స్ అధికారిని కలవండి: ఇప్పటి కాంట్రాక్టు ఏ నెలలో ముగుస్తుంది, రోజుకు ఎన్ని కిలోల బట్టలు, టెండరు ఎప్పుడు వేస్తారు?