సింగపూరు ఎంత దూరం?

తేని పట్టణంలో ఒక తెలుగువారి ఇల్లు. ఆ ఇంటి పెద్దకుమారుడు ఉద్యోగం కోసం మొదటిసారి సింగపూరుకు ప్రయాణమయ్యాడు. చెల్లెలు విమానం టిక్కెట్టు తీసుకొని పైకి చదివింది. "చెన్నపట్నంలో బయలుదేరేది రాత్రి 11:30 గంటలకు. సింగపూరు చేరేది ఉదయం 6 గంటలకు."

"ఆరున్నర గంటలా! రాత్రంతా సముద్రం మీదనేనా?" అని అవ్వ దిగులుపడింది.

"కాదవ్వా, నాలుగు గంటలే" అన్నది మనుమరాలు.

ఆమె చెప్పినదే నిజం. సింగపూరు మనకు తూర్పున ఉన్నది. అక్కడి గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం 6 గంటలైనప్పుడు తేనిలో తెల్లవారుజాము 3:30. తిరుగు ప్రయాణంలో ఇంకా వింత! సింగపూరులో రాత్రి 8 గంటలకు ఎక్కినవాడు చెన్నైలో 9:30కే దిగుతాడు. టిక్కెట్టు మాత్రమే చూసినవారు గంటన్నర ప్రయాణమనుకుంటారు.

ఈ రెండు నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. సముద్రం మీద మైలురాళ్ళు లేవు కదా, ఎలా కొలుస్తారు? గ్లోబు మీద రెండు ఊళ్ళకూ ఒక దారం బిగించి పట్టండి. ఆ దారమే అతి దగ్గరి దారి. గోడ మీది పటంలో గీసిన గీత దూరప్రయాణాలలో మనల్ని మోసగిస్తుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరుకు ఆగకుండా వచ్చిన మొదటి ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. దానిని నడిపినవారందరూ స్త్రీలే. సుమారు 14,000 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి దాదాపు 17 గంటలు పట్టింది.

విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతే 2,900 కిలోమీటర్లకు మూడున్నర గంటలు చాలు. కాని నేల మీద కదలి పోవడానికి, పైకి లేవడానికి, దిగడానికి మరికొంత సమయం కావాలి. ఎదురుగాలి వీస్తే ఆలస్యం, వెనుకగాలి వీస్తే తొందర.

అవ్వ మేనమామ ఒకప్పుడు ఈ సముద్రాన్నే రాజులా అనే ఓడలో దాటాడు. 1926లో కట్టిన ఆ ఓడ మద్రాసులో బయలుదేరి, నాగపట్నం, పెనాంగు రేవులలో ఆగి, మలక్కా జలసంధి గుండా సింగపూరు చేరేది. వారం రోజులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టేది. క్షేమంగా దిగానన్న జాబు రావడానికి మరికొన్ని వారాలు! అంతవరకు ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదట.

తేని నుండి చెన్నైకి దారి దాదాపు 500 కిలోమీటర్లు. బస్సులో ఒక రాత్రి పడుతుంది. మనుమడు సముద్రం దాటడానికి అందులో సగం సమయం కూడా పట్టలేదు. అయినా ఆ రాత్రి అవ్వ నిద్రపోలేదు. నాలుగుంబావుకు టెలిఫోను మోగింది.

"దిగినావా నాయనా? అక్కడ తెల్లవారిందా?"

"దిగినానవ్వా. గడియారంలో పావు తక్కువ ఏడు. కాని ఇక్కడ పొద్దు ఏడింటికి గాని పొడవదట. బయట ఇంకా చీకటే!"