కమాండ్ లైన్‌కు తెలుగు పేర్లు: బమ్రోలి మగ్గాల లెక్కతో ఒక పాఠం

సూరత్ నగరంలో ఉధ్నా, పాండేసరా, బమ్రోలి వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడు ఆగదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల క్రితమే వలస వచ్చిన తెలుగు నేత కుటుంబాలు సూరత్‌లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమం పాఠశాలలను కూడా నడుపుతోంది. ఆ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బోర్డుల మీద గుజరాతీ. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు నాలుగో భాష అవుతుంది. మౌస్‌తో నొక్కే బొమ్మలు ఏమీ లేని నల్లటి కమాండ్ లైన్ తెర అయితే మరీ భయపెడుతుంది. అది ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల పని అనిపిస్తుంది.

నిజానికి ఆ తెర వెనక ఉన్న షెల్ అనే ప్రోగ్రామ్‌కు ఇంగ్లీషు రాదు. దానికి తెలిసినవి కొన్ని పేర్లు, కొన్ని గుర్తులు, కొన్ని నియమాలు. నియమాలు పట్టుబడితే పేర్లను మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు, తెలుగులో కూడా.

షెల్ అంటే ఏమిటి?

మనం ఒక వరుస టైపు చేసి ఎంటర్ నొక్కగానే దాన్ని ముందుగా చదివేది షెల్. అది వరుసను ముక్కలు చేసి, గుర్తులకు అర్థం తీసి, ఆ తర్వాతే అసలు పని చేసే ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. ఈ ఆలోచనకు అరవై ఏళ్లు దాటాయి. అమెరికాలోని ఎంఐటీలో పనిచేస్తున్న ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్త లూయీ పూజాన్ 1960ల తొలి సంవత్సరాల్లో, ఒక ఫైలులోని ఆదేశాలను వరుసగా నడిపే రన్‌కామ్ అనే ప్రోగ్రామ్ రాశారు. షెల్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. యూనిక్స్ తొలి షెల్‌ను 1971లో కెన్ థాంప్సన్ రాశారు. ఇప్పుడు లినక్స్ యంత్రాల్లో ఎక్కువగా కనిపించే బాష్‌ను బ్రయన్ ఫాక్స్ 1989లో విడుదల చేశారు.

ఒక షెడ్డు, 624 వరుసలు

బమ్రోలిలో 24 మగ్గాలున్న ఒక షెడ్డును ఊహించుకుందాం. మరమగ్గాల కార్మికులకు సాధారణంగా నేసిన మీటర్లను బట్టి కూలి కడతారు. అందుకని ప్రతి మగ్గం మీద రోజూ ఎంత బట్ట దిగిందో రాసి ఉంచాలి. ఆ లెక్క 'లెక్కలు' అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఇలా ఉందనుకుందాం:

03-05 మగ్గం-1 62
03-05 మగ్గం-2 58

నెలకు 26 పనిదినాలు, 24 మగ్గాలు. మొత్తం 624 వరుసలు. వీటిలో 1వ మగ్గం ఎన్ని రోజులు నడిచిందో తెలియాలి. అందుకు ఒక్క ఆదేశం చాలు:

గ్రెప్ 'మగ్గం-1' లెక్కలు | డబ్ల్యూసీ -ఎల్

(ఈ పాఠంలో ఆదేశాల పేర్లు ఉచ్చారణ ప్రకారం ఉన్నాయి. టైపు చేసేటప్పుడు గ్రెప్‌ను జీ, ఆర్, ఈ, పీ అని, డబ్ల్యూసీని డబ్ల్యూ, సీ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. మిగతావీ అంతే.)

గ్రెప్ అడిగిన మాట ఉన్న వరుసలను ఏరుతుంది. డబ్ల్యూసీ వరుసలను లెక్కపెడుతుంది. మధ్యలోని నిలువు గీత పేరు పైపు. మొదటి ప్రోగ్రామ్ నుంచి వచ్చిన దాన్ని అది రెండోదానికి అందిస్తుంది. డగ్లస్ మెక్ఇల్రాయ్ సూచన మేరకు 1973లో ఇది యూనిక్స్‌లో చేరింది.

జవాబు 26 రావాలి. వచ్చేది 286. కారణం చిన్నదే. 'మగ్గం-10' నుంచి 'మగ్గం-19' దాకా ఉన్న పేర్లన్నింటిలోనూ 'మగ్గం-1' ఉంది. గ్రెప్ పదకొండు మగ్గాల వరుసలను ఏరి తెచ్చింది. ఈ తప్పుతోనే మీటర్లు కూడితే పది మంది నేసిన బట్ట ఒకరి ఖాతాలో పడుతుంది. పూర్తి మాట సరిపోలితేనే తీసుకోమని గ్రెప్ తర్వాత '-డబ్ల్యూ' చేర్చి చెబితే 26 వస్తుంది. కంప్యూటర్ ఇచ్చిన సంఖ్య కదా అని వదిలేయకుండా, చేత్తో సరిచూడగలిగిన ఒక చిన్న భాగంతో ముందుగా పరీక్షించడం ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు.

ఒక్క ఖాళీతో పోయే ఫైళ్లు

షెల్ వరుసను ముక్కలు చేసేది ఖాళీల దగ్గర. ఒక ఫోల్డరులో మూడు ఫైళ్లున్నాయనుకుందాం: 'మే', 'లెక్క', 'మే లెక్క'. మూడోది పనికిరాని నకలు. దాన్ని తీసేయాలని ఎవరైనా ఇలా కొడితే?

ఆర్‌ఎమ్ మే లెక్క

షెల్‌కు ఇక్కడ రెండు పేర్లు కనిపిస్తాయి. అసలు ఫైళ్లయిన 'మే', 'లెక్క' రెండూ పోతాయి. పనికిరాని నకలు మాత్రం మిగులుతుంది. ఆర్‌ఎమ్ తీసేసినవి చెత్తబుట్టలోకి వెళ్లవు, కాబట్టి వెనక్కి తెచ్చుకునే మామూలు దారి ఉండదు. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి 'మే లెక్క' అని రాస్తే షెల్ దాన్ని ఒకే ముక్కగా తీసుకుంటుంది.

నక్షత్రం గుర్తు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. *లెక్క* అని రాస్తే ఆ మాట ఉన్న ఫైళ్ల పేర్లన్నింటినీ షెల్ ముందే పరిచి ప్రోగ్రామ్‌కు ఇస్తుంది. ఆర్‌ఎమ్‌కు నక్షత్రం కనిపించదు, పేర్లే కనిపిస్తాయి. అందుకే తీసేసే ముందు అదే వరుసను ఆర్‌ఎమ్ బదులు ఎకో అనే ఆదేశంతో నడపాలి. ఏ పేర్లు వెళ్లబోతున్నాయో అది తెర మీద చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు.

అలవాట్లను నిలబెట్టే ఫైలు

తెర మీద మార్చుకున్న ఏ ఏర్పాటైనా ఆ కిటికీ మూసేసరికి పోతుంది. నిలవాలంటే షెల్ మొదలైన ప్రతిసారీ చదివే ఫైలులో రాయాలి. బాష్‌కు అది సొంత ఫోల్డరులో, ముందు చుక్కతో ఉండే బాష్‌ఆర్‌సీ ఫైలు. 2019 నుంచి మ్యాక్‌లలో మొదట వచ్చే జడ్‌ఎస్‌హెచ్ షెల్‌కు చుక్కతో జడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ. పేరు చివర ఉన్న ఆర్‌సీ అనే రెండక్షరాలు పూజాన్ రాసిన రన్‌కామ్ నుంచి మిగిలినవే.

తెలుగు పేర్లు పెట్టుకునేది ఈ ఫైలులోనే. ఒక ఆదేశానికి మారుపేరు పెట్టడానికి ఏలియాస్ ఉంది:

ఏలియాస్ చూపు='ఎల్‌ఎస్ -ఎల్'
ఏలియాస్ తీసెయ్యి='ఆర్‌ఎమ్ -ఐ'

ఇక 'చూపు' అంటే ఫైళ్ల జాబితా వస్తుంది. 'తీసెయ్యి' అంటే ఒక్కో ఫైలుకూ అవునా కాదా అని అడిగి మరీ తీస్తుంది. సమానం గుర్తుకు రెండు వైపులా ఖాళీ ఉండకూడదు. ఆర్‌ఎమ్ అనే పేరుకే ఈ ప్రశ్నను తగిలించడం కంటే ఇలా కొత్త పేరు పెట్టుకోవడం మేలు. మొదటి పద్ధతికి అలవాటుపడినవారు ఆ ఏర్పాటు లేని మరో యంత్రం ముందు కూర్చుంటే, అడుగుతుందిలే అన్న ధీమాతో ఫైళ్లు పోగొట్టుకుంటారు. 'తీసెయ్యి' అనే పేరు అక్కడ లేకపోతే షెల్ తెలియదంటుంది, అంతే.

ప్రతిసారీ మగ్గం నెంబరు మారుతుంది కాబట్టి దానికి ఏలియాస్ చాలదు, ఫంక్షన్ కావాలి:

మగ్గం() { గ్రెప్ -డబ్ల్యూ "మగ్గం-$1" ~/లెక్కలు | డబ్ల్యూసీ -ఎల్; }

'మగ్గం 1' అని కొడితే 26 వస్తుంది. 'మగ్గం 17' అంటే ఆ మగ్గం లెక్క వస్తుంది. $1 ఉన్నచోట మనం ఇచ్చిన నెంబరు చేరుతుంది. అందుకే ఇక్కడ జంట కొటేషన్లు వాడాలి. ఒంటి కొటేషన్ల మధ్య ఉన్న దేన్నీ షెల్ మార్చదు, $1ను కూడా. ~ గుర్తుకు సొంత ఫోల్డరు అని అర్థం. ఫైలును భద్రపరచి కొత్త కిటికీ తెరిస్తే పేర్లన్నీ పనిచేస్తాయి. ఏలియాస్, ఫంక్షన్ల పేర్లు తెలుగులో ఉండవచ్చు కానీ, విలువలు దాచుకునే చరరాశుల పేర్లను మాత్రం బాష్ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఒప్పుకుంటుంది.

కంటికి రెండు, యంత్రానికి పదిహేను

తెలుగు పేర్లు వాడేవారు మరో సంగతి తెలుసుకోవాలి. 'మగ్గం' అనే మాట కంటికి రెండు అక్షరాలు. 1991లో తొలి సంచిక నుంచే తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్‌లో అది ఐదు సంకేతాలు: మ, గ, పొల్లు, గ, సున్న. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే మొత్తం 15 బైట్లు. లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థలో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. కాబట్టి తెలుగు పేరుకు గరిష్ఠంగా 85 సంకేతాలు దొరుకుతాయి.

భాషా అమరిక యూటీఎఫ్-8లో లేకపోతే 'చ' అనే అక్షరం స్థానంలో 340, 260, 232 అనే మూడు సంఖ్యలు కనిపించవచ్చు. ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు. అవి ఆ అక్షరం తాలూకు మూడు బైట్లు, అష్టాంశ పద్ధతిలో. బాష్‌ఆర్‌సీలో లాంగ్ అనే చరరాశికి భారత తెలుగు, యూటీఎఫ్-8 అమరికను ఇస్తే (యంత్రంలో ఆ అమరిక ముందే ఉండాలి) అక్షరాలు సరిగా వస్తాయి. డేట్ ఆదేశం వారాల, నెలల పేర్లను తెలుగులో చెబుతుంది. ప్రతి అక్షరానికీ సమాన వెడల్పు గడి కేటాయించే కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అది తెర మీది లోపమే, ఫైలులోని సమాచారం అలాగే ఉంటుంది.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. 'సూరత్‌లో' అని రాసేటప్పుడు త కింద ల ఒత్తు పడకుండా కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య సంకేతం చేరుస్తుంది. ఫైలు పేరులో ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే షెల్‌కు అవి రెండు వేరు పేర్లు. పేరును మళ్లీ టైపు చేయకుండా మొదటి ఒకటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే షెల్ తానే పూరిస్తుంది. ఖాళీల బెడద కూడా దానితో తప్పుతుంది.

జకార్డ్ మగ్గం మీద పువ్వు దిగాలంటే ముందు అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఒకసారి సరిగా కొడితే అదే పువ్వు ఎన్నిసార్లయినా దిగుతుంది, తప్పు కొడితే ఆ తప్పూ అన్నిసార్లే దిగుతుంది. బాష్‌ఆర్‌సీలో రాసే వరుస కూడా అంతే. నేత ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.