వంశచరిత్రాన్వేషణము - ఐర్లండు స్థలనామములు

వలసవెళ్లిన ఐరిష్ కుటుంబముల వారసులకు పూర్వికుని ఊరిపేరు సమాధిశిలపైననో, పాత లేఖలోనో లభించును గాని పటములో కానరాదు. ఇందుకు ముఖ్యకారణము లేఖనభేదము. ఐరిష్ పదమును ఆంగ్లలేఖకుడు తాను విన్నట్లు వ్రాసికొనెను. చర్చిని తెలుపు పదమును, అడవిని తెలుపు 'కొయిల్' అను పదమును పెక్కుచోట్ల 'కిల్' అనియే వ్రాయబడినవి. కావున నేటి రూపమునుబట్టి అర్థనిర్ణయము చేయుట సాహసమే యగును.

1830లో సర్వే శాఖలో చేరిన జాన్ ఓడొనవన్ స్థానికుల ఉచ్చారణమును విని, ప్రాచీన పత్రములతో పోల్చి నామరూపములను నిర్ణయించెను. త్రోసిపుచ్చబడిన రూపాంతరములును నామపుస్తకములలో నిలిచియుండుట పరిశోధకుల అదృష్టము. 'టౌన్‌ల్యాండ్' అనబడు చిన్న భూవిభాగములు 60,000కు పైగా కలవు. వాని అకారాది సూచి 1861లో వెలువడెను. అయితే ఒకే పేరు పలు కౌంటీలలో కానవచ్చును. 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ పత్రాగారము దగ్ధమై 1821-51 నాటి జనగణన పత్రములలో అధికభాగము నశించినందున, 1847-64 నాటి గ్రిఫిత్ భూమదింపు పట్టికలో ఇంటిపేరు ఎచ్చట కలదో చూచి ఊరిని గుర్తింపవలసియున్నది. ఇచ్చట పొరపడినచో అన్యుల వంశమే తన వంశమగును. సూచికెక్కని పల్లెపేర్లు కొన్ని కాథలిక్ బాప్తిస్మ పట్టికలలో మిగిలియున్నవి.